గుట్ట కొస మీద ఎండ

భీమ్‌గల్ బడిలో పిల్లలకు చెట్టు గీయడం నేర్పుతూ, బోర్డు మీద నేను గీసిన చెట్టు నాకే నచ్చక తుడిచేస్తున్నప్పుడు ఫోన్ మోగింది. అవతల లసుంబాయి అమ్మ, మా సార్ భార్య. ఆమె తనంతట తాను నాకు ఎన్నడూ ఫోన్ చేసింది లేదు. "వనజా, మీ సారు పోయిండు బిడ్డా. చాయ పెట్టి ఇచ్చిన. చేతుల పట్టుకున్నడు, తాగలే," అంది. ఆ గొంతులో ఏడుపు లేదు. చాయ వృథా అయిందన్న బాధ మాత్రమే ఉన్నట్టు వినిపించింది. "అమ్మా, వస్తున్న," అని మాత్రం అనగలిగాను.

మా గురువు, ఆర్మూరు చిత్రకారుడు గంగారాం సార్ అస్తమించారన్న వార్త నా బుద్ధికి అందడానికి బస్సు ప్రయాణమంతా పట్టింది. దారి పొడవునా అలవాటు చొప్పున కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. పసుపు తవ్విన చెల్కల్లో ఎర్రమట్టి పైకి లేచి ఉంది. మక్కచేలు సగం ఎండి సగం పచ్చగా ఉన్నాయి. ఇవన్నీ మనసులో మూటగట్టుకుంటున్నాను, సార్ అడుగుతారని. ఆర్మూరు బస్టాండులో దిగాక గాని తెలిసిరాలేదు, అడిగే మనిషి లేడని. అక్కడే సిమెంటు బెంచీ మీద కూలబడి ఏడ్చాను.

ఆయన పోయిన సాయంత్రానికే మా ఊరి వాట్సాప్ గుంపుల్లో నివాళులు మొదలయ్యాయి. 'ప్రకృతి ఒడిలో పరవశించిన మహా కళాకారుడు' అని ఎవరో పెట్టారు, దాని కింద దండాలు, పువ్వులు. చదివి ఒళ్ళు మండింది. ఒడీ లేదు, పరవశమూ లేదు. జీవితకాలమంతా ప్రకృతి దృశ్యాలే చిత్రించిన ఆ మహానుభావుడు చెట్టు కింద స్టాండు పెట్టుకుని బొమ్మ వేయగా నేనైతే చూడలేదు. ఎండంటే ఆయనకు గిట్టదు. దుమ్మంటే తుమ్ములు. ఆయన కొండలు, వాగులు, వాన మబ్బులు సమస్తం ఒక పాత పసుపు గోదాం పైన, అల్లిక తెగిన కుర్చీలో కూర్చుని సృష్టించినవే. ఆ సంగతి చెప్పకుండా ఆయనను పొగిడితే అది వేరే ఎవరినో పొగిడినట్టు.

ఆ గదికి ఒక్కటే కిటికీ. దానిలోంచి కనిపించేది ఎదుటి రేకుల షెడ్డు, దాని తుప్పు. కింద గోదాంలో ఉడికించి ఎండబెట్టిన పసుపు బస్తాలు. ఆ ఘాటు మెట్లెక్కి పైకి వచ్చి కాగితాలకు, కాన్వాసులకు, మనుషులకు పట్టేది. ఆ గదిలో గంట కూర్చుని ఇంటికి వెళ్తే మా అమ్మ నన్ను చూసి, "పెండ్లిపిల్లవైనవా ఏందే!" అని నవ్వేది. సార్ మాత్రం ఆ తుప్పు రేకును చూపించి, "తొలకరి మబ్బును గీనికంటే మంచిగ ఎవడన్న గీస్తడా?" అని అడిగేవారు. నేను ఎంత చూసినా తుప్పే కనిపించేది. చాలా కాలం తర్వాత ఒకరోజు, నిజంగానే మబ్బు కనిపించింది. చెప్పాను. "ఇగ నీకు జర కన్ను వచ్చింది," అన్నారు. నా జీవితంలో నాకు దక్కిన పెద్ద బిరుదు అదే.

"బయటికి పోయి ఎందుకు గీయరు సార్?" అని అందరిలాగే నేనూ అడిగాను. ఆయన చెప్పిన జవాబు ఇప్పటికీ నా పిల్లలకు చెప్తాను. "బయట కన్ను తింటది బిడ్డా. గదిల కూసున్నంకనే అరుగుతది. తినుకుంట తినుకుంట వాంతి చేసుకుంటే బొమ్మైతదా?" మాట మోటుగా ఉంటుంది, కాదనను. ఆయన సుభాషితాలన్నీ అంతే, నలుగురిలో చెప్పుకోవడానికి కాస్త జంకాలి.

ఆ గదికి ఒక సుంకం ఉండేది. మెట్లెక్కి వచ్చిన ప్రతి మనిషినీ గడప మీదే ఆపి, "ఏం దెచ్చినవ్?" అని అడిగేవారు. తెచ్చేది వస్తువు కాదు, దారిలో చూసిందేదో చెప్పాలి. నా మొదటి రోజు నాకు బాగా గుర్తుంది. కొత్త బ్రష్షులు, కొత్త డ్రాయింగ్ పుస్తకం పట్టుకుని బడాయిగా వెళ్ళాను. "ఏం దెచ్చినవ్?" అన్నారు. "ఆకాశం మస్తు మంచిగున్నది సార్," అన్నాను. "మంచిగున్నదని నేను గూడ చెప్త. ఎట్లున్నదో చెప్పు. పో, మల్ల దిగి చూసి రా," అని పంపించేశారు. కోపంతో దిగి, బజారు నడుమ నిలబడి ఆకాశం వైపు చూశాను. ఎడ్లబండివాడు, "ఏం పోయింది బిడ్డా, పతంగా?" అని అడిగాడు. తిరిగి వెళ్ళి, "నడుమ నీలం ఉన్నది సార్, గుట్టల దిక్కు వోయేసరికి మజ్జిగ లెక్కయింది," అన్నాను. "కూసో," అన్నారు.

అందరూ ఆ సుంకం చెల్లించేవారు. దొంకేశ్వర్ దిక్కు బస్సు కండక్టరొకాయన చాయ తాగడానికి పైకొచ్చి, అక్కడి డ్యాం నీళ్ళ మీద పొద్దున పొగమంచు ఎంత ఎత్తు లేచిందో చేత్తో చూపించేవాడు, మోకాలి దాకానా, నడుము దాకానా అని. కింద బస్తాలు మోసే హమాలీలు పొద్దుటి గాలి ఏ దిక్కు నుంచి వీచిందో చెప్పేవారు. సార్ కళ్ళు మూసుకుని వినేవారు. తర్వాత ఎప్పుడో, ఏడాదికో రెండేళ్ళకో, ఆ మంచు, ఆ గాలి ఏదో ఒక చిత్రంలో తేలేవి. ఇంత మంది కళ్ళను అరువు తెచ్చుకుని బొమ్మ వేసినవారిని నేను మరొకరిని చూడలేదు.

ఆయన చిత్రకళారంభం మాత్రం మంచుకొండలతో జరిగింది. యౌవనంలో ఫోటో స్టూడియోలకు తెరలు గీసేవారు. ఈ ప్రాంతంలో ఆ కాలపు పెళ్ళి ఫోటోల్లో కొత్త జంటల వెనుక కనిపించే కాశ్మీరు, సరస్సు, హంసలు ఆయనవే. కాశ్మీరు ఆయన చూసింది సబ్బుల కంపెనీ క్యాలెండరులో. ఒకసారి ఏర్గట్ల నుంచి ఒక రైతు కొడుకునూ కోడలినీ వెంటబెట్టుకుని వచ్చి, తెర చూసి మొహం చిట్లించాడట. "గీ మంచు మాకెందుకు సారూ? పిల్ల సలికి గజగజ వణికినట్టు కనవడ్తది. మా పసుపు చెల్క గీయరాదు?" అన్నాడట. సార్ నవ్వుకుంటూనే ఒప్పుకున్నారు. గీయడానికి కూర్చుంటే తెలిసిందట, మంచుకొండలు కళ్ళు మూసుకుని గీయగల చేతికి పక్కనున్న పసుపు ఆకు ఎటు వాలుతుందో తెలియదని. "గా పొద్దు నాకు సిగ్గయింది," అనేవారు. ఆ తర్వాత ఆయన మంచు జోలికి పోలేదు.

గదిలో కొండలు ఎలా పుట్టేవో కూడా చెప్పాలి. ఉడికి ఎండిన పసుపులో సన్నని కొమ్ములుంటాయి, ఉండల్లాంటి గోళాలుంటాయి. ఆ గోళాలను బల్ల మీద కుప్పగా పేర్చి, పక్క నుంచి టేబుల్ లైటు వేసేవారు. మా ఆర్మూరు గుట్టల మీద బండలు ఒకదాని మీద ఒకటి ఎలా ఎక్కి కూర్చుంటాయో, అచ్చం అలా ఉండేది. లైటు కిందికి దించితే పొద్దుపొడుపు. పైకెత్తితే మిట్ట మధ్యాహ్నం. తడిపిన గోనెసంచి పరిస్తే వాన వెలిసిన నల్లరేగడి. లసుంబాయి అమ్మ వేళాకోళం చేసేది: "ఆర్మూర్ల ఉండి మా ఇంట్ల పసుపు నిండుకున్నదంటే ఎవలన్న నమ్ముతరా? ఉన్నదంత మీ సారు గుట్టలకే వోయె!"

ఆయన దేవుడేమీ కాదు. మీసానికి రంగు వేసుకునేవారు, ఆ రంగు ఒక్కోసారి పెదవి దాకా పాకేది, చెప్తే రుసరుసలాడేవారు. ఫోన్‌లో ఫోటో తీసుకొచ్చి దీన్ని చూసి గీయండి అన్నవాళ్ళను, "ఫోన్ గీసింది గదా, ఇగ నేనెందుకు?" అని తరిమేవారు. ఫ్లెక్సీలు వచ్చి దుకాణాల బోర్డుల పని పోయినప్పుడు కూడా ఆ పట్టు సడలలేదు. ఇల్లు ఎట్లా గడిచిందో లసుంబాయి అమ్మకే తెలుసు. అయినా ఆమె ఆయనను ఆ విషయంలో ఒక్క మాట అనలేదు. ఆమె అడిగింది జీవితంలో ఒక్కటే, అదే ఆయనకు చేతకాలేదు.

లసుంబాయి అమ్మ పుట్టిన ఊరు దొంకేశ్వర్ అవతల, గోదావరి ఒడ్డున ఉండేది. డ్యాం కట్టినప్పుడు అది నీళ్ళలో కలిసింది. అప్పటికి ఆమె ఇంకా చిన్నపిల్ల. గట్టు మీద అదే పేరుతో కొత్త ఊరు లేచింది, ఆమె పెళ్ళి అక్కడే జరిగింది. అంటే సార్ అత్తవారి అసలు ఊరిని ఎన్నడూ చూడలేదు. పెళ్ళైన కొత్తలో ఆమె, "అందరికి బొమ్మలు గీస్తవు. మావూరు గీసియ్యి," అందట. అంతేనా, అనుకున్నారట ఆయన. చెరువు, చింతచెట్లు, బురుజు, గుడి, ఇళ్ళ వరుస అన్నీ ఆమెనే అడిగి, గుర్తుపెట్టుకుని గీశారు. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుని, దగ్గరకు వచ్చి, ఎంతోసేపు చూసి, "మంచిగున్నది. మావూరైతే గాదు," అంది.

ఆ మాట ఆయనకు ముల్లులా గుచ్చుకుంది. మళ్ళీ గీశారు. చింతల్ని జరిపారు, గుట్టను పెంచారు, నీళ్ళను తగ్గించారు. ప్రతిసారీ ఆమె శ్రద్ధగా చూసేది, ప్రతిసారీ అదే తీర్పు. ఆమెది మొండితనం కాదు, అబద్ధం చెప్పలేని స్వభావం. అలా కాదనిపించుకున్న చిత్రాలన్నీ బజారులో పసుపు కమీషన్ దుకాణాల గోడలెక్కాయి. "ఏ దుకాణంల చూశినా మావూరు గాని ఊరే," అని ఆమె నవ్వేది. సార్ నవ్వేవారు కాదు. నాతో ఒకసారి అన్నారు: "ఎందరో మెచ్చిన్రు బిడ్డా. గా ఒక్క మనిషి 'గిది మావూరే' అన్నదాక నేను పెయింటర్‌ను గాదు." అది ఆయన వైరాగ్యం కొద్దీ అన్న మాట కాదు. అక్షరాలా నమ్మిన మాట.

ఒక ఎండాకాలం నీళ్ళు బాగా వెనక్కి తగ్గాయి, పాత ఊళ్ళ మొండిగోడలు తేలాయని కండక్టరు సుంకంగా వార్త తెచ్చాడు. ఎండ గిట్టని మా సార్ ఆటో మాట్లాడారు. అమ్మ, ఆయన, నేను వెళ్ళాం. పగిలిన బురద, పునాది రాళ్ళు, పూడిపోయిన బావి ఒర, గుల్లలు. సార్ ఆత్రంగా, "మీ ఇల్లు ఏ దిక్కు? గిదా? గదా?" అని అడుగుతున్నారు. అమ్మ చెప్పులు విప్పి నిలబడింది. అటు చూసింది, ఇటు చూసింది. "ఏమో. ఎరుకైతలేదు. పోదాం పా," అంది. మరునాడు గదిలో సార్ బ్రష్షులు కడుగుతూ, "ఆమెను తోలుకపోవుడు తప్పయింది. ఉన్నదాన్ని చూపిస్తే లేంది యాదికొస్తదనుకున్న. ఉన్నది గూడ పాడు చేసిన," అన్నారు. ఆ చిత్రం జోలికి పోవడం అప్పటితో మానేశారు.

పోయిన వానాకాలం ఒక పొద్దున వాళ్ళింటికి వెళ్ళాను. అమ్మ వాకిట్లో కూర్చుని మొఖం కడుక్కుంటోంది. మాటల్లో మాటగా, ఏ ప్రయత్నమూ లేకుండా అంది: "చిన్నప్పుడు గిట్లనే వాకిట్ల మొఖం కడుగుతుంటె, మా గోడ పైనుంచి గుట్ట కొస ఇంతే ఇంత కనవడుతుండె. మా అవ్వ లోపట్నుంచి, 'కొస మీద ఎండ వడ్డదా?' అని అడుగుతుండె. నేను చూసి 'వడ్డదే' అంటే పొయ్యి ముట్టిస్తుండె." చెప్పి, నోట్లో నీళ్ళు పుక్కిలించి ఉమ్మి, లోపలికి పోయింది.

నేను గోదాం మెట్లెక్కాను. "ఏం దెచ్చినవ్?" అన్నారు సార్. వేరే ఏదీ చూడలేదు కనుక ఆ మాటే చెప్పాను, ఆమె అన్నది అన్నట్టుగా. సార్ చేతిలో బ్రష్షు అలాగే ఆగిపోయింది. "మల్ల చెప్పు," అన్నారు. మళ్ళీ చెప్పాను. తుప్పు రేకు వైపు తిరిగారు. ఆ తర్వాత, "వనజా, ఇన్నేండ్లు నేను ఊరు బయట నిలవడి ఊరును చూశిన. చెరువు, బురుజు, ఇండ్ల వరుస... అల్లుడు బండి దిగినప్పుడు కనవడే ఊరు గది. ఆడివిల్ల పుట్టినూరును గట్లెన్నడన్న చూస్తదా? అల్లుని లెక్క గీసిన బిడ్డా. బిడ్డ లెక్క గీయలే," అన్నారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి.

ఆ మరునాటి నుంచి గది స్వరూపం మారింది. బల్ల మీద గోళాల గుట్ట కట్టి, దాని ముందు ఒక చెక్కను గోడలా నిలబెట్టారు. తను కుర్చీ వదిలి నేల మీద కూర్చున్నారు, చిన్నపిల్ల కన్ను ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తుకు తల దించి. గుట్ట ఎక్కువ కనిపిస్తే చెక్కను తన వైపుకు జరిపేవారు, అసలే కనిపించకపోతే కాస్త గుట్ట వైపుకు. "ఇంతే ఇంత అన్నది గద. ఇంతే ఇంత అంటె ఎంత?" అని నన్ను అడిగేవారు. నేను నా మొఖం కడుక్కున్నట్టు చేసి, తల వంచి, ఎత్తి చూసేదాన్ని. బయటివారెవరైనా చూస్తే ఇద్దరికీ పిచ్చి అనుకునేవారే. మోకాళ్ళ నొప్పులతో ఆ నేల మీంచి ఆయన లేవడం చూస్తే జాలేసేది. లేపబోతే, "నన్ను ముట్టుకోకు, కొస పోతది," అనేవారు. అలా చలికాలమంతా పనిచేశారు. ఆయన అంత నిమ్మళంగా ఉండగా అంతకుముందు నేనెరుగను.

చిత్రం అయిపోయింది. ఇంటికి తీసుకెళ్ళి అమ్మకు చూపిద్దాం అన్నాను. ఒప్పుకోలేదు. పొద్దున ఎదుటి రేకుల మీద ఎండ పడి, ఆ వెలుగు గదిలోకి మళ్ళే వేళలోనే ఆమె దాన్ని చూడాలని పట్టు. "మెట్లు నిటారుగున్నయి. ఆమె మోకాళ్ళు ఒప్పుకుంటయో లేదో. జర సలి తగ్గనీ, నేనే చెయ్యి పట్టి ఎక్కిస్త," అన్నారు. చలి తగ్గింది. కొత్త పసుపు బజారుకొచ్చింది. చెయ్యి పట్టి ఎక్కించవలసిన మనిషి చాయ గ్లాసు చేత్తో పట్టుకుని అలాగే వెళ్ళిపోయారు.

దినాలు ముగిసిన మరునాటి పొద్దున అమ్మ తనే అడిగింది: "ఆయన ఆఖర్కి ఏం గీస్తుండెనే? నాకు చెప్పలే." ఒక చెయ్యి నేను, ఒక చెయ్యి ఆమె తమ్ముడు పట్టుకుని గోదాం మెట్లెక్కించాం. మెట్టు మెట్టుకూ ఆగింది. పైకి వచ్చేసరికి రేకుల వెలుగు గదిలో పరుచుకుని ఉంది. నేను గుడ్డ తీశాను. చిత్రంలో సగానికి పైగా నీడలో ఉన్న మట్టిగోడే. కింద ఒక మూల నీళ్ళ చెంబు. గోడ పైన ఇంతే ఇంత గుట్ట కొస, దాని మీద అప్పుడే పడిన ఎండ. ఇంకేమీ లేదు.

తమ్ముడికి అయోమయంగా ఉంది. ఊరు మునిగే నాటికి అతడు చంకలో పిల్లవాడు. "గిదేం బొమ్మ అక్కా? ఊరేది? ఇల్లేది?" అన్నాడు.

లసుంబాయి అమ్మ సార్ కూర్చున్నచోటే నేల మీద కూర్చుంది. ఎవరూ చెప్పలేదు, తనంతట తానే కూర్చుంది. అక్కడి నుంచి తల ఎత్తి చూసింది. చిత్రం మీంచి కళ్ళు తిప్పకుండా, "ఇంట్లనే ఉన్నం గదరా," అంది. ఆ తర్వాత ఆ గోడ లోపల ఎవరో అడిగినదానికి జవాబిస్తున్నట్టు, "వడ్డదే," అంది. అప్పుడు ఏడ్చింది. ఆయన పోయిన తర్వాత ఆమె గట్టిగా ఏడ్వడం అదే మొదలు.

గురువును పోగొట్టుకున్నవారు ఆ లోటు తీరనిదని రాస్తారు. నా లోటు నాకు స్పష్టంగా తెలుసు. భీమ్‌గల్ నుంచి ఆర్మూరు దాకా దారి అలాగే ఉంటుంది, గుట్టలు ఎక్కడికీ పోవు, నా కళ్ళు చూడడం మానవు. చూసిందాన్ని పట్టుకుని మెట్లెక్కితే గడప మీద ఆపి అడిగే ఆ గొంతు మాత్రం మళ్ళీ వినిపించదు. అయినా ఆ గది సుంకం ఎగ్గొట్టడం నాకు చేతకాదు. అందుకే ఇది రాస్తున్నాను.

సార్, ఇయ్యాల గిది తెచ్చిన: అమ్మ మెట్లెక్కింది. చూసింది. అది వాళ్ళ ఊరే.